రెండు దేశాల ఉమ్మడి ప్రాజెక్టుకు డబ్బు ఎవరిస్తారు?

ప్రశ్న: నమస్కారం సార్. నేను ఒక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. నది సముద్రంలో కలిసే చోట భూగర్భజలాల్లోకి ఉప్పునీరు ఎలా చొరబడుతోందన్నది నా పరిశోధన. ఆరేళ్లుగా బావుల నుంచి సేకరించిన వివరాలు మా విభాగంలో ఉన్నాయి. కిందటేడు ఒక సదస్సులో వేరే దేశపు ప్రొఫెసర్ ఒకరు పరిచయమయ్యారు. మోడలింగ్‌లో (అంటే కంప్యూటర్ లెక్కలతో నీటి కదలికను అంచనా వేయడంలో), ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) విశ్లేషణలో ఆయన ల్యాబ్‌కు మంచి పేరుంది. కలిసి పనిచేద్దామనుకున్నాం. నిధుల మాట వచ్చేసరికి "మీ వైపు డబ్బు మీరు చూసుకోండి, మా వైపు నేను చూసుకుంటాను" అని మెయిల్ పెట్టారు. మనసు చివుక్కుమంది. ఇంతలో మా రెండు ప్రభుత్వాలు కలిసి ఇచ్చే గ్రాంటు ప్రకటన ఒకటి వచ్చింది. పరిశోధకుల జీతాలు, పరికరాలు, ప్రయాణాలు అన్నీ ఇస్తారట. గడువు ఐదు వారాలే. ఆయన పంపిన డ్రాఫ్టులో మా పని గురించి "నమూనాల సేకరణ" అని ఒక్క లైను ఉంది. బడ్జెట్‌లో ఎక్కువ భాగం ఆయన వైపే. అప్లై చేయాలా, వద్దా? అసలు ఇలాంటి పనులకు డబ్బు ఎక్కడ దొరుకుతుంది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: ముందు ఆ మెయిల్ సంగతి తేల్చేద్దాం. ఆయన మిమ్మల్ని తక్కువ చేయలేదు. ఉన్న విషయమే చెప్పారు, కాకపోతే పొడిగా చెప్పారు. రెండు దేశాల యూనివర్సిటీలు కలిసి చేసే పరిశోధనకు ఒకే చోటి నుంచి మొత్తం డబ్బు రావడం అరుదు. ప్రభుత్వ నిధి అంటే ఆ దేశపు జనం కట్టిన పన్ను. దాన్ని సరిహద్దు దాటించి ఇంకో దేశపు యూనివర్సిటీ ఖాతాలో వేయడానికి చాలా సంస్థల నిబంధనలు ఒప్పుకోవు. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఎన్‌ఎస్‌ఎఫ్‌నే తీసుకోండి. విదేశీ భాగస్వామి ఉంటే మంచిదే అంటుంది, కానీ ఆ భాగస్వామి ఖర్చు వాళ్ల దేశమే పెట్టుకోవాలన్నది దాని మామూలు పద్ధతి. కాబట్టి ఆయన ఇద్దామనుకున్నా మీకు ఇవ్వలేకపోవచ్చు. ఆ మెయిల్‌ను పక్కన పెట్టేయండి. మనసుకు పట్టించుకోవాల్సింది ఆ డ్రాఫ్టులోని ఒక్క లైనును. దాని దగ్గరికి వస్తాను.

డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తుందో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఇందులో ప్రధానంగా కనిపించేవి రెండు పద్ధతులు. మొదటిదాంట్లో రెండు దేశాలూ డబ్బును ఒక్కచోట చేర్చి, దాన్ని చూసుకోవడానికి ఒక ఉమ్మడి సంస్థను పెట్టుకుంటాయి. అమెరికా, ఇజ్రాయెల్ 1972లో పెట్టుకున్న ద్విజాతీయ సైన్స్ ఫౌండేషన్ బీఎస్‌ఎఫ్ ఇలాంటిదే. రెండు ప్రభుత్వాలు మూలధనం వేశాయి, దాని మీద వచ్చే ఆదాయం గ్రాంటులకు వెళ్లేలా ఏర్పాటు చేశారు. ఇండియా, ఫ్రాన్స్ కలిసి 1987లో ఢిల్లీలో నెలకొల్పిన సెఫిప్రా, ఇండియా, అమెరికా మధ్య 2000లో ఏర్పడిన సైన్స్, టెక్నాలజీ ఫోరం ఐయూఎస్‌ఎస్‌టీఎఫ్ కూడా రెండు దేశాల కోసమే పుట్టినవి. ఇలాంటి సంస్థ మీ రెండు దేశాల మధ్య ఉంటే మీ అదృష్టం. వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఉమ్మడి ప్రాజెక్టుల కష్టాలన్నీ తెలుసు. ఫోన్ చేస్తే సమాధానం చెప్పే మనిషి ఉంటాడు.

రెండో పద్ధతే ఎక్కువ చోట్ల ఉండేది. ప్రకటన ఉమ్మడిగానే వస్తుంది, రెండు జెండాలూ పక్కపక్కనే ఉంటాయి. డబ్బు మాత్రం ఎవరి దేశం వాళ్లకే ఇస్తుంది. మీ అప్లికేషన్ మీ దేశపు సంస్థకు, ఆయనది ఆయన దేశపు సంస్థకు వెళ్తుంది. ఇది రెండు తాళాలున్న పెట్టె. ఒక తాళంచెవి తిరిగి, రెండోది తిరగకపోతే పెట్టె తెరుచుకోదు.

ఈ పద్ధతిలో జనం సరిగా అంచనా వేయని చిక్కు ఒకటుంది. రెండు సంస్థలూ విడివిడిగా పరీక్షించి, ఒక్కొక్కటీ నాలుగింట ఒక అప్లికేషన్‌ను ఎంపిక చేస్తుందనుకోండి. రెండు చోట్లా గట్టెక్కే అవకాశం లెక్క ప్రకారం పదహారింట ఒకటి. మీ ప్రాజెక్టు బాగా లేక కాదు, రెండుసార్లు గెలవాల్సి రావడం వల్ల. ఇది నిధులిచ్చే సంస్థలకూ తెలుసు. అందుకే వాటిలో కొన్ని ఒక ఒప్పందానికి వచ్చాయి. ఒక సంస్థే పరీక్షిస్తుంది, రెండోది ఆ నిర్ణయాన్ని నమ్మి తన వైపు డబ్బు ఇస్తుంది. దీన్ని లీడ్ ఏజెన్సీ పద్ధతి అంటారు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ చాలాకాలంగా ఇలా చేస్తున్నాయి. యూరప్‌లో వీవ్ పేరుతో మరిన్ని దేశాల సంస్థలు ఇందులో చేరాయి. ఎన్‌ఎస్‌ఎఫ్, బీఎస్‌ఎఫ్ కలిసి నడిపే కార్యక్రమంలోనూ పరీక్ష ఎన్‌ఎస్‌ఎఫ్‌దే. అక్కడ ఎంపికైతే ఇజ్రాయెల్ వైపు ఖర్చు బీఎస్‌ఎఫ్ భరిస్తుంది. కాబట్టి ఏ ప్రకటన చూసినా ముందు చదవాల్సింది 'పరీక్ష ఎవరు చేస్తారు, ఎన్నిసార్లు చేస్తారు' అన్న పేరా. అర్హతలు, పేజీల పరిమితి తర్వాత చూసుకోవచ్చు.

ఇంకో సంగతి. ఎవరి డబ్బు వాళ్లకే అన్నప్పుడు, ఎంపికయ్యే ప్రాజెక్టుల సంఖ్యను తేల్చేది తక్కువ డబ్బు పెట్టిన దేశం. ఒక దేశం ఇరవై ప్రాజెక్టులకు సరిపడా కేటాయించి, రెండోది ఆరింటికే కేటాయిస్తే వచ్చేవి ఆరే. చాలా దేశాలు కలిసే ప్రకటనల్లో ఇది ఇంకా విడ్డూరంగా ఉంటుంది. జాబితాలో పైన ఉన్న ప్రాజెక్టు తన దేశపు నిధి అయిపోయిందని ఆగిపోవచ్చు, కింద ఉన్నది వేరే దేశాల జత కాబట్టి గట్టెక్కవచ్చు. కాబట్టి మీ దేశపు సంస్థకు ఫోన్ చేసి, ఈ ప్రకటన కింద మన వైపు ఎన్ని ప్రాజెక్టులకు డబ్బుందని అడగండి. చెప్తారా అని మొహమాటపడకండి. ఆ ప్రకటనకు కాంటాక్టు అధికారి పేరు పెట్టేది ఇలాంటి ప్రశ్నల కోసమే.

డబ్బు దేనికిస్తారన్నదీ అంతే ముఖ్యం. ఉమ్మడి పరిశోధన అని పేరున్న పథకాల్లో పెద్ద భాగం నిజానికి ప్రయాణాలకు, అక్కడ ఉండే ఖర్చులకు ఇచ్చేవే. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ వివిధ దేశాలతో కలిసి నడిపే ప్రాజెక్టు ఆధారిత మార్పిడి పథకాలు, ఫ్రాన్స్ వాళ్ల ఉబెర్ క్యూరియన్ భాగస్వామ్యాలు, జపాన్ సైన్స్ ప్రోత్సాహక సంస్థ జేఎస్‌పీఎస్ ద్వైపాక్షిక పథకాలు ప్రధానంగా ఈ కోవలోవి. మనుషులు అటూ ఇటూ వెళ్లి రావడానికి ఇస్తారు. పరికరాలకు, పూర్తికాలం పరిశోధకుడి జీతానికి వీటిని నమ్ముకోకూడదు. యూరప్‌లో పరిశోధకుల నెట్‌వర్కుల కోసం 1971 నుంచి ఉన్న కాస్ట్ అనే సంస్థ అయితే సమావేశాలకు, రాకపోకలకు, శిక్షణకు ఇస్తుంది గానీ పరిశోధన ఖర్చు ఇవ్వదు. ఇవి చిన్నవని చాలామంది చిన్నచూపు చూస్తారు. నేను అలా అనుకోను. కలిసి పనిచేయగలరో లేదో తేలేది ఇద్దరూ ఒకే ల్యాబులో ఒకే డేటా ముందు కూర్చున్నప్పుడే. మీ విద్యార్థి ఒకరు రెండు నెలలు ఆయన దగ్గర ఉండి రావడానికి చిన్న గ్రాంటు దొరికితే చాలు. ఆ రెండు నెలల్లో తేలే ఫలితం పెద్ద అప్లికేషన్‌కు వెన్నెముక అవుతుంది. పరీక్షించేవాళ్లు 'వీళ్లు ఇంతకుముందు కలిసి ఏమైనా చేశారా' అని తప్పకుండా చూస్తారు.

పెద్ద వాటి గురించి కూడా నాలుగు మాటలు. యూరోపియన్ యూనియన్ హొరైజన్ యూరప్ కార్యక్రమం 2021 నుంచి 2027 వరకు అని సుమారు 9,550 కోట్ల యూరోలతో మొదలైంది. అంకె చూసి అందరూ అటే పరుగెత్తుతారు. అందులో మామూలు ఉమ్మడి ప్రాజెక్టుకు కనీసం మూడు వేర్వేరు సభ్య లేదా అనుబంధ (ఒప్పందం ద్వారా ఆ కార్యక్రమంలో చేరిన) దేశాల సంస్థలు ఉండాలి, వాటిలో ఒకటైనా సభ్య దేశానిది కావాలి. మీ ఇద్దరే అయితే కుదరదు. బయటి దేశాలవాళ్లు చేరవచ్చు. అయితే బ్రెజిల్, చైనా, ఇండియా లాంటి దేశాల సంస్థలకు అక్కడి డబ్బు దానంతటది రాదు, తమ ఖర్చు తామే తెచ్చుకోవాల్సి వస్తుంది. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ సినర్జీ గ్రాంటు ఇద్దరి నుంచి నలుగురు ప్రధాన పరిశోధకులకు ఆరేళ్లకు కోటి యూరోల దాకా ఇస్తుంది. ఒకరు యూరప్ బయట ఉన్నా ఒప్పుకుంటుంది. కానీ అక్కడ పోటీకి వచ్చేవాళ్లు తమ రంగాల్లో ముందు వరుసలో ఉన్నవాళ్లు. మీకు ఇప్పుడే అటు చూడాల్సిన పని లేదు. జీవశాస్త్రంలో ఉన్న మీ స్నేహితులెవరైనా ఉంటే మాత్రం ఒక పేరు చెప్పండి: స్ట్రాస్‌బర్గ్ కేంద్రంగా 1989 నుంచి ఉన్న హ్యూమన్ ఫ్రంటియర్ సైన్స్ ప్రోగ్రామ్. వేర్వేరు దేశాల ల్యాబులు కొత్తగా కలవడాన్నే అది కోరుకుంటుంది. ప్రాథమిక ఫలితాలు ఉండి తీరాలని పట్టుబట్టదు. ఇలాంటి సంస్థ దొరకడం కష్టం.

ఇండియా లాంటి దేశాల్లో విద్యా మంత్రిత్వ శాఖల పథకాలూ ఉంటాయి. 2018లో మొదలైన స్పార్క్ అలాంటిదే. విదేశీ యూనివర్సిటీతో కలిసి పనిచేసే ఇండియా సంస్థలకు అది ఇస్తుంది. పరిశ్రమను కూడా కలుపుకోగలిగినవాళ్లకు ఇండియా, జర్మనీ మధ్య 2010లో ఏర్పడిన ఐజీఎస్‌టీసీ ఉంది. రెండు వైపులా ఒక పరిశోధన సంస్థ, ఒక పరిశ్రమ చొప్పున నలుగురు ఉండాలంటుంది. ఇలాంటివి మీ దేశంలో ఏమున్నాయో మీకంటే మీ యూనివర్సిటీ పరిశోధన విభాగం, అంతర్జాతీయ సంబంధాల విభాగం ముందు చెప్పాలి. అడగందే చాలాచోట్ల చెప్పరు. వెళ్లి కూర్చుని అడగండి.

ఇక ఆ ఒక్క లైను. "నమూనాల సేకరణ."

ఇది బాధపడాల్సిన విషయమే. ఉమ్మడి ప్రాజెక్టుల్లో పాతుకుపోయిన జబ్బు ఇది. ఒక దేశం నీళ్లు, మట్టి, రక్తం, సర్వే కాగితాలు పంపుతుంది, ఇంకో దేశం ఆలోచిస్తుంది, రాస్తుంది, పేరు తెచ్చుకుంటుంది. దీన్ని ఎదిరించడానికే 2018లో ట్రస్ట్ కోడ్ అనే ప్రవర్తనా నియమావళి వచ్చింది. 2022 కేప్‌టౌన్ ప్రకటన పరిశోధన భాగస్వామ్యాల్లో న్యాయం గురించి మాట్లాడింది. నిధులిచ్చే సంస్థల ఆలోచన కూడా మారుతోంది. కాబట్టి న్యాయం అడగడానికి మీరు సంకోచించక్కర్లేదు. పైగా అది మీ ఇద్దరికీ లాభమే. ఒక వైపు వట్టి సేకరణే ఉంటే పరీక్షించేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, 'దీనికి రెండో దేశం ఎందుకు? డబ్బిచ్చి నమూనాలు తెప్పించుకుంటే పోదా?' అని. అక్కడితో ఆ అప్లికేషన్ పని అయిపోయినట్టే.

మీ పనినే తీసుకుని చూద్దాం. బావిలో ఉప్పు పెరిగింది. అది ఇప్పుడు సముద్రం నుంచి లోపలికి వస్తున్న ఉప్పా? ఎప్పుడో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు మట్టి పొరల్లో చిక్కుకుపోయిన పాత ఉప్పునీరా? లేక పైన నీళ్లు నిలిచి, ఆవిరై, మిగిలిన ఉప్పు కిందికి దిగిందా? ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపులు ఆవిరైన నీటికీ, సముద్రపు నీరు కలిసిన నీటికీ తేడా చూపించడానికి పనికొస్తాయి. అది ఆయన ల్యాబులో జరిగే పని. కానీ ఏ బావి నుంచి, ఎంత లోతు నుంచి, ఏ నెలలో నీరు తీసుకుంటే ఆ తేడా బయటపడుతుందో నిర్ణయించేది ఎవరు? ఏ బావిని మధ్యలో పూడ్చి మళ్లీ తవ్వారు, ఎక్కడ పంపింగ్ ఎక్కువ, వర్షాలు వచ్చాక ఏ బావి ముందు తేరుకుంటుంది, ఏ ఏడాది మీటరు మారడం వల్ల అంకెలు ఎగిరాయి అన్నది ఎవరికి తెలుసు? మీకే. ఆయన మోడల్‌కు ఇవన్నీ కావాలి. ఇవి లేని మోడల్ గీతలు చక్కగా గీస్తుంది గానీ, అవి మీ నేలకు సంబంధించినవి కావు.

కాబట్టి ఆ లైను కొట్టేసి ఇలా రాయండి: "మొదటి భాగం: ఆరేళ్ల బావుల రికార్డు నాణ్యతను పరిశీలించి సరిచేయడం, దాని ఆధారంగా ఉప్పు మూలాల గురించి పోటీపడే మూడు వివరణలను రూపొందించడం, వాటిని వేరు చేయగల నమూనా ప్రణాళిక తయారు చేయడం. బాధ్యత: మా యూనివర్సిటీ." దాని కింద "రెండో భాగం: ఐసోటోపుల విశ్లేషణ, మోడల్ నిర్మాణం. బాధ్యత: వారి యూనివర్సిటీ." ఆ తర్వాత "మూడో భాగం: మోడల్ అంచనాలను కొత్త బావుల్లో పరీక్షించడం, తప్పితే మోడల్‌ను మార్చడం. బాధ్యత: ఇద్దరూ, మా వైపు నాయకత్వం." ఇందులో మీరు కొత్తగా అడిగిందేమీ లేదు, నిజంగా జరగబోయే పనిని ఉన్నదున్నట్టు రాశారు. ఇప్పుడు పరీక్షించేవాళ్లకు ఒక్క చూపులో అర్థమవుతుంది: మొదటిది లేకపోతే రెండోది గుడ్డిది, రెండోది లేకపోతే మొదటిది సగంలో ఆగిపోతుంది. రెండు దేశాలూ ఎందుకు కావాలన్న ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు ఉండదు.

ఇలా విడదీయడంలో ఇంకో మేలుంది. రెండో తాళం తెరుచుకోకపోయినా, మీ మొదటి భాగం ఒక్కటే చిన్న ప్రాజెక్టుగా మీ దేశంలోనే ఇంకో సంస్థకు పెట్టుకోవచ్చు. మీ కష్టం వృథా పోదు.

బడ్జెట్‌లో ఆయన వైపు ఎక్కువ ఉందని అన్నారు. అంకె పెద్దదైనంత మాత్రాన అన్యాయం అనుకోకండి. జీతాలు ఎక్కువగా ఉండే దేశంలో ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేరే పరిశోధకుడు) ఒక ఏడాది ఖర్చు, ఇంకో దేశంలో ముగ్గురు విద్యార్థుల ఖర్చుతో సమానం కావచ్చు. పైగా ఎవరి డబ్బు వాళ్లకే అయినప్పుడు ఆయన బడ్జెట్ పెరగడం వల్ల మీది తగ్గదు. మీరు చూడాల్సింది మనుషుల్ని. పూర్తికాలం పరిశోధకుడు లేదా పీహెచ్‌డీ విద్యార్థి మీ వైపు ఒక్కరైనా ఉన్నారా? ప్రాజెక్టు అయిపోయాక మీ దగ్గర మిగిలే సామర్థ్యం ఏమిటి: ఒక పరికరమా, మోడల్ నడపగల విద్యార్థా, ఏమీ లేదా? ప్రయాణాలు రెండు వైపులా ఉన్నాయా, లేక ఆయన విద్యార్థులు మీ బావుల దగ్గరికి వచ్చి వెళ్లడమేనా? మీ వైపు ఒక్క పూర్తికాలం మనిషి కూడా లేకపోతే మాత్రం గట్టిగా అడగండి.

ఖర్చుల్లో అందరూ మర్చిపోయేవి కొన్నుంటాయి. నమూనాలు సరిహద్దు దాటించడానికి ప్యాకింగ్, రవాణా, కస్టమ్స్ ఎవరి బడ్జెట్‌లో? విదేశీ పరికరం కొంటే మారకపు రేటు మారినప్పుడు తేడా ఎవరు భరిస్తారు? గ్రాంటు ముందుగా ఇస్తారా, ఖర్చు పెట్టాక బిల్లులు చూసి ఇస్తారా? రెండోదైతే మీ యూనివర్సిటీ ముందు పెట్టుబడి పెట్టగలదా? ఓవర్‌హెడ్ (కరెంటు, ఆఫీసు లాంటి పరోక్ష ఖర్చులకు యూనివర్సిటీకి వచ్చే వాటా) విషయంలో కూడా దేశానికో లెక్క. హొరైజన్ యూరప్‌లో పరోక్ష ఖర్చులకు 25 శాతం అని ఒకే రేటు ఉంది. కొన్ని ద్వైపాక్షిక పథకాలు అసలేమీ ఇవ్వవు. ఓవర్‌హెడ్ రాదని తెలిసి సంతకం పెట్టడానికి వెనకాడే యూనివర్సిటీలూ ఉన్నాయి. ఆ సంగతి గడువు ముందు రోజు తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు.

ఈసారి ఐదు వారాల గడువుకు అప్లై చేయాలా? నా మాట సూటిగా చెప్తాను. మొదటి రెండు వారాల్లో మూడు జరిగితే చేయండి. ఆయన మీ భాగాన్ని పైన చెప్పినట్టు మార్చడానికి ఒప్పుకోవాలి. మీ యూనివర్సిటీలో సంతకం పెట్టే అధికారి ఎవరో, ఎన్ని రోజులు పడుతుందో తేలాలి. మీ దేశపు సంస్థ నుంచి మీ అర్హత గురించి రాతపూర్వకంగా స్పష్టత రావాలి. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా ఈ విడతను వదిలేసి, ప్రయాణ గ్రాంటుకు పెట్టుకోండి. తొందరలో పెట్టిన బలహీనమైన అప్లికేషన్ వల్ల ఊరికే తిరస్కరణ రావడమే కాదు, ఇంకా కలిసి పనిచేయని ఇద్దరి మధ్య అనవసరపు చికాకు మొదలవుతుంది. కొన్ని పథకాలు తిరస్కరించాక కొంతకాలం మళ్లీ పెట్టనివ్వవు కూడా.

పెట్టేటట్లయితే ఒక్క జాగ్రత్త. రెండు దేశాల్లో విడిగా సమర్పించాల్సిన పథకాల్లో ఒక వైపు అప్లికేషన్ అందకపోతే రెండో వైపుదాన్ని చదవకుండానే పక్కన పెట్టేస్తారు. ప్రాజెక్టు పేరు, భాగస్వాముల పేర్లు, కాలవ్యవధి రెండు చోట్లా ఒకేలా ఉండాలి. ఒకచోట మూడేళ్లు, ఇంకోచోట ముప్పై నెలలు అని ఉంటే అక్కడే దొరికిపోతారు. గడువు ఏ దేశపు సమయం ప్రకారమో కూడా చూసుకోండి. సమర్పించాక రసీదు కాపీలు ఒకరికొకరు పంపుకోండి.

అనుమతుల సంగతి డబ్బుకన్నా నెమ్మదిగా కదులుతుంది. నీటిలోని సూక్ష్మజీవుల మీద కూడా పనిచేద్దామనుకుంటే నగోయా ఒప్పందం వర్తించవచ్చు. 2014 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న ఆ ఒప్పందం ప్రకారం జన్యు వనరులు తీసుకునే ముందు ఆ దేశపు అనుమతి, లాభాల పంపకం మీద ఒప్పందం అవసరం కావచ్చు. అవి ఎలా తీసుకోవాలో ఒక్కో దేశం చట్టం ఒక్కోలా చెబుతుంది. కొన్ని దేశాల్లో నదుల నీటి లెక్కలు, ఖచ్చితమైన బావుల స్థానాలు బయటి దేశాలకు ఇవ్వడం మీద ఆంక్షలున్నాయి. మీ ఆరేళ్ల డేటాలో ఏది పంచుకోవచ్చో, ఏది పంచుకోకూడదో ఇప్పుడే మీ విభాగాధిపతితో మాట్లాడి రాసిపెట్టుకోండి. గ్రాంటు వచ్చాక ఆ మాట బయటపడితే ఇద్దరికీ తలనొప్పి.

గ్రాంటు చేతికొచ్చినా అంతా ఖాయమని అనుకోకండి. 2021లో బ్రిటన్ విదేశీ సహాయాన్ని తగ్గించినప్పుడు అక్కడి పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్‌ఐ ప్రాజెక్టులకు ఇచ్చిన మాటకూ, దాని చేతిలో ఉన్న డబ్బుకూ మధ్య 12 కోట్ల పౌండ్ల లోటు వచ్చింది. అప్పటికే నడుస్తున్న ఉమ్మడి ప్రాజెక్టులు ఎన్నో దెబ్బతిన్నాయి. విదేశాల్లో మనుషుల్ని పెట్టుకున్నవాళ్లు జీతాలకు వెతుక్కోవాల్సి వచ్చింది. 2025 మేలో అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్, అమెరికా యూనివర్సిటీల ద్వారా విదేశీ భాగస్వాములకు ఉపగ్రాంటులు వెళ్లే పాత పద్ధతిని ఆపి, కొత్త ఏర్పాటు తెస్తామని ప్రకటించింది. ఇవన్నీ చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మీ విద్యార్థి ఫెలోషిప్ పూర్తిగా ఒకే విదేశీ గ్రాంటు మీద ఆధారపడేలా పెట్టకండి. పీహెచ్‌డీ మధ్యలో డబ్బు ఆగితే పరిశోధన ఆగడం ఒక్కటే కాదు, ఒక పిల్లో పిల్లవాడో నాలుగేళ్ల జీవితం మధ్యలో నిలబడిపోతారు. దానికి రెండో దారి ముందే చూసిపెట్టడం మీ బాధ్యత.

అప్లికేషన్ కంటే ముందే ఆయనతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. వకీలు భాష అవసరం లేదు. డేటా ఎవరిది, ఎవరు ఎప్పుడు వాడుకోవచ్చు, మొదటి పేపరులో మొదటి పేరు ఎవరిది, రెండో పేపరులో ఎవరిది, మీ విద్యార్థి థీసిస్‌లో ఏ భాగం వాడుకోవచ్చు, నిధులు ఒక వైపు ఆగితే రెండో వైపు ఏం చేస్తుంది. ఇంతే. తర్వాత యూనివర్సిటీలు పెద్ద ఒప్పందం రాసుకునేటప్పుడు యూరప్ ప్రాజెక్టుల్లో వాడే డెస్కా నమూనా ఒప్పందం, బ్రిటన్ లాంబర్ట్ నమూనా ఒప్పందాలు ముందు పెట్టుకుంటే పని తేలికవుతుంది.

ఈ వారమే ఆయనకు మెయిల్ రాయండి. పాత మెయిల్ ప్రస్తావన వద్దు. నేనైతే ఇలా రాస్తాను: "డ్రాఫ్టు చదివాను, సంతోషం. మా భాగాన్ని వివరంగా మళ్లీ రాశాను, జత చేస్తున్నాను. మా ఆరేళ్ల రికార్డు లేకుండా మూడు వివరణల్లో ఏది నిజమో తేల్చలేం కాబట్టి, ఆ పనికి మా వైపు పూర్తికాలం పరిశోధకులు ఒకరు కావాలి. మీ సంస్థ ఈ అప్లికేషన్‌ను విడిగా పరీక్షిస్తుందా, మా సంస్థ నిర్ణయాన్ని ఒప్పుకుంటుందా? వచ్చే శుక్రవారంలోగా మాట్లాడుకుందామా? ఈ విడత కుదరకపోతే ప్రయాణ గ్రాంటుతో మొదలుపెట్టడానికి నేను సిద్ధం."

ఆయన జవాబును బట్టి భాగస్వామి ఎలాంటివారో మీకు తెలిసిపోతుంది. మీ భాగం చదివి, దాని మీద ప్రశ్నలు వేసి, మార్పులు సూచిస్తే ముందుకు వెళ్లండి. "తర్వాత చూద్దాం, ముందు సంతకం పెట్టి పంపండి" అంటే పంపకండి. మీ బావుల డేటా కూడా అప్పటిదాకా పంపకండి.